హైదరాబాదులో నది పక్కన నడవాలంటే ఎక్కడికి వెళ్ళాలి? (మా నాన్నగారి కోసం)

గౌతమీతీరం · శనివారం, రాత్రి 9.14

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక రాజమండ్రిలో ఒక్కరే ఉండడం ఎందుకని పోయిన నెల చైతన్యపురిలోని మా ఇంటికి తీసుకొచ్చాను. అక్కడ డ్యూటీ లేని ప్రతి ఉదయం కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టి పుష్కర ఘాట్ దాకా గోదావరి పక్కన నడిచేవారు. రిటైరయ్యాక అది రోజూ అయింది.

ఇక్కడ మా వీధి చివర చిన్న పార్కు ఉంది. మూడు రోజులు వెళ్ళి నాలుగో రోజు మానేశారు. "గానుగెద్దులా ఒక్కచోటే తిరగడం నా వల్ల కాదురా. ఎక్కడి నుంచో ఎక్కడికో వెళ్ళాలి, పక్కన నీళ్ళుండాలి" అంటున్నారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, మూడు నాలుగు కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు. మాకు మూసీ దగ్గరేనని మ్యాపులో కనిపిస్తోంది. కానీ...

ముక్కుసూటి · శనివారం, రాత్రి 9.31

ఆ "కానీ" తర్వాత మీరు మొహమాటపడి వదిలేసింది నేను రాస్తాను. కంపు. పదిహేనేళ్ళుగా మూసారాంబాగ్ వైపు నుంచే ఆఫీసుకు వెళ్తున్నాను. నది రాగానే హెల్మెట్ అద్దం దించుకుని ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. గోదావరి గాలి పీల్చిన మనిషిని అక్కడికి పంపకండి. ట్యాంక్‌బండ్‌కు తీసుకెళ్ళండి. ఆ కొస నుంచి ఈ కొసకు నడవొచ్చు, పక్కన నీళ్ళున్నాయి, మధ్యలో బుద్ధుడున్నాడు. సమస్య తీరింది.

రాతిగుట్ట · శనివారం, రాత్రి 10.02

హుస్సేన్‌సాగర్‌కు మాత్రం వాసన లేదా ముక్కుసూటి గారూ?

నా ఓటు కేబీఆర్ పార్కుకే. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం అని పూర్తి పేరు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. ఊరి నడిబొడ్డున నెమళ్ళ అరుపు వింటూ నడవడం ఇంకెక్కడ దొరుకుతుంది? లోపలి బాట ఐదు కిలోమీటర్ల పైచిలుకు. గుండ్రమే, కానీ అంత పెద్ద గుండ్రంలో తిరుగుతున్నట్టు అనిపించదు. మట్టిబాట, బండరాళ్ళు, చెట్ల నీడ. పొద్దునా సాయంత్రమూ మాత్రమే తెరుస్తారు. టికెట్టు ఉంటుంది, రోజూ వెళ్ళేవాళ్ళు ఏడాది పాసు తీసుకుంటారు.

నీళ్ళు కావాలంటే దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్ళు ఇచ్చిన చెరువు. 2020లో తీగల వంతెన వచ్చాక సాయంత్రాలు తిరునాళ్ళలా ఉంటుంది కాబట్టి ఉదయమే మేలు.

గౌతమీతీరం · శనివారం, రాత్రి 10.20

రాతిగుట్ట గారూ, ధన్యవాదాలు. కాకపోతే చైతన్యపురి నుంచి అక్కడికి వెళ్ళి రావడానికే రెండు గంటలు పడుతుంది. నెలకోసారి సరదాగా అయితే సరే, రోజూ కుదరదు.

పొద్దునడక · ఆదివారం, ఉదయం 5.08

నేను నిద్రలేచే వేళకు మీరంతా పడుకుని ఉంటారు కాబట్టి ప్రశాంతంగా రాస్తున్నాను.

దోమల్‌గూడలో ఉంటాను. రోజూ ఇందిరా పార్కు. 1978లో తెరిచినప్పటి నుంచి మా ఇంట్లో మూడు తరాలు అక్కడే నడిచాం. 76 ఎకరాలు. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను బాబూ. పెద్దవాళ్ళకు చోటు చూసేటప్పుడు చెట్లు, నెమళ్ళు తర్వాత. ముందు బెంచీలు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో చూడాలి. రెండోది మరుగుదొడ్డి, అది ఎన్నింటికి తాళం తీస్తారో కూడా కనుక్కోవాలి. మూడోది కాలి కింద ఏముందో. సిమెంటు పలకల మీద రోజూ నడిస్తే మోకాళ్ళు మొరాయిస్తాయి. నాకు మోకాలి మార్పిడి అయ్యాక బాట పక్కన మట్టి అంచు పట్టుకుని నడుస్తున్నాను. వానాకాలంలో ఆ అంచు జారుతుంది, అప్పుడు మాత్రం పలకల మీదే.

ఇక మీ నాన్నగారు గానుగెద్దు అన్నారు. నిజమే. కానీ నాలుగో రోజుకు మానేశారంటే అది పార్కు తప్పు కాదేమో, పలకరించేవాళ్ళు లేక కావచ్చు. పార్కులో స్నేహాలు కుదరడానికి కనీసం నెల పడుతుంది.

ముక్కుసూటి · ఆదివారం, ఉదయం 8.45

పొద్దునడక గారి బెంచీల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక చోట (పేరు ఎందుకులెండి) లక్షలు పెట్టి నడక బాట వేశారు, కూర్చోవడానికి ఒక్క దిమ్మె లేదు. మా అత్తగారు అలిసిపోయి చెత్తకుండీ గట్టు మీద కూర్చున్నారు.

నయాపూల్ నివాసి · ఆదివారం, ఉదయం 11.27

ఇంతమంది మూసీని తిట్టాక దాని తరఫున మాట్లాడేవాడు ఒక్కడైనా ఉండాలి కదా.

అనంతగిరి కొండల్లో పుట్టి, ఈ ఊరిని రెండుగా చీల్చుకుంటూ వెళ్ళి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఊరు పుట్టకముందే దాని మీద వంతెన ఉంది. చార్మినార్ 1591లో కట్టారు, పురానాపూల్ 1578లోనే. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతుంటారు. నాలుగున్నర శతాబ్దాల వంతెన మీద వంకాయలు బేరమాడే భాగ్యం ఏ ఊరివాళ్ళకు ఉంది చెప్పండి!

నది పక్కన నడవడం ఇక్కడ కొత్త ఆలోచనేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేల మంది పోయారు. ఆ మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. ఊళ్ళో రెండు ఒడ్లకూ రాతి గోడలు కట్టి, గట్ల మీద తోటలు వేశారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ నదికి ముఖం పెట్టి కట్టింది ఆ రోజుల్లోనే. అంటే అప్పటివాళ్ళ లెక్కలో నది ఊరికి వీధి గుమ్మం. పెరడు చేసింది మనం.

దారి చెబుతాను. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మెట్రోలో దిగండి. ఇమ్లీబన్ అనే పాత పేరు చాలామందికి ఇంకా నోట్లో ఆడుతుంది, చింతతోపు అని దాని అర్థం. దక్షిణపు ఒడ్డుకు దాటి సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా ఎగువకు నడవండి. నయాపూల్ దాటాక ఎడమ చేతి వైపు హైకోర్టు ఎర్రరాతి గుమ్మటాలు, కుడి చేతి వైపు నది, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ముస్లిం జంగ్ వంతెన మీద నది దాటి, ఉత్తరపు ఒడ్డున వెనక్కి రండి. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 వరదలో సుమారు 150 మంది దాన్ని పట్టుకుని బతికారు. ఆ చెట్టు కింద ఒక్క నిమిషం నిలబడి, అఫ్జల్‌గంజ్‌లో చాయ్ తాగి, గ్రంథాలయం భవనం చూసుకుంటూ మళ్ళీ మెట్రోకు. మూడు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఏడున్నరలోపు పూర్తి చేయాలి, ఆ తర్వాత నడిచే చోటు బండ్లది.

వాసన? ఉంది. లేదని అబద్ధం చెప్పను. ఎండాకాలంలో నీళ్ళు పలచబడితే భరించడం కష్టం. వానలు పడి ఎగువ జలాశయాల గేట్లు ఎత్తిన వారం పది రోజులు మాత్రం అది నిజంగా నదిలా ఉంటుంది.

ముక్కుసూటి · ఆదివారం, మధ్యాహ్నం 12.10

గేట్లు ఎత్తితే నదిలా ఉండడమే కాదు సార్, 2025 సెప్టెంబరు చివర మీరు చెప్పిన ఎంజీబీఎస్ బస్ స్టేషన్‌లోకే వచ్చేసింది. ఆ వారం నడక కాదు, ఈత.

థేమ్స్‌కు ఇవతల · ఆదివారం, మధ్యాహ్నం 3.52

లండన్‌లో హౌన్‌స్లో దగ్గర ఉంటాను, మాది ఖమ్మం. ప్రతి శనివారం ఐల్‌వర్త్ నుంచి రిచ్‌మండ్ దాకా థేమ్స్ పక్కన నడుస్తాను. సముద్రపు పోటు ఇక్కడి దాకా వస్తుంది. పోటు వేళ తెలుసుకోకుండా మొదటిసారి వెళ్ళి, నదిలో సగం మునిగిన రోడ్డు మీద బూట్లు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చాను.

ఈ థేమ్స్ కూడా ఒకప్పుడు మూసీయే. 1858 వేసవిలో కంపు భరించలేక పార్లమెంటు కిటికీల తెరలను సున్నపు మందులో ముంచి వేలాడదీశారు. దాంతో గబగబా చట్టం చేసి, ఊరంతటికీ మురుగు కాలువలు కట్టారు. అయినా 1957 నాటికి ఊరి మధ్య నదిలో జీవం లేదని తేల్చారు. ఇప్పుడు సీల్ జంతువులు కనిపిస్తున్నాయి. మురుగు కలవకుండా ఆపితే నది తనను తాను బాగుచేసుకుంటుంది, ముందు పూలకుండీలు పెడితే లాభం లేదు.

ముక్కుసూటి · ఆదివారం, సాయంత్రం 4.05

1858 నుంచి ఇప్పటికి లెక్క వేశాను. ఆయన తండ్రిగారికి డెబ్బై.

గట్టుమీద ఇల్లు · ఆదివారం, రాత్రి 8.33

అందరూ ఒడ్డున నడక అంటున్నారు. ఆ ఒడ్డునే ఇళ్ళున్నాయి. 2024లో మూసీ ప్రాజెక్టు కోసం కూల్చాలని మా బంధువుల గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్ళారు. ముప్పై ఏళ్ళ ఇల్లు. మీ నడక బాట ఎవరి వంటింటి మీదుగా వెళ్తుందో కూడా ఆలోచించండి.

రాతిగుట్ట · ఆదివారం, రాత్రి 8.50

నది మధ్యలో ఇళ్ళు కట్టుకుంటే వరదలో కొట్టుకుపోయేది కూడా వాళ్ళే కదా. అహ్మదాబాదులో సబర్మతి చూడండి, ఎంత శుభ్రంగా ఉందో.

నయాపూల్ నివాసి · ఆదివారం, రాత్రి 9.15

సబర్మతిలో నిండుగా కనిపించేవి నర్మద కాలువ నీళ్ళు. రెండు పక్కలా కాంక్రీటు గోడ, మధ్యలో తెచ్చి పోసిన నీళ్ళు. నడవడానికి బాగుంటుంది, కాదనను. దాన్ని నది బాగుపడడం అని మాత్రం నేను అనలేను.

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9.40

మూసీ ఇళ్ళ విషయం చిన్నది కాదు, అందుకే దానికి విడిగా చర్చ తెరిచాను. అక్కడ వివరంగా రాయండి. ఇక్కడ పెద్దాయన నడక గురించే మాట్లాడుకుందాం. గట్టుమీద ఇల్లు గారి మాట తొలగించడం లేదు, అది ఉండాల్సిన మాటే.

గౌతమీతీరం · సోమవారం, రాత్రి 9.05

నిన్న సాయంత్రం ట్యాంక్‌బండ్‌కు తీసుకెళ్ళాను. ముక్కుసూటి గారి సలహా పాక్షికంగా పనిచేసింది.

పాక్షికంగా అని ఎందుకన్నానంటే ఆయన నడవలేదు. ప్రతి విగ్రహం దగ్గరా ఆగి, దిమ్మె మీద రాసింది మొత్తం చదివారు. నన్నయ దగ్గర ఒక పావుగంట, వీరేశలింగం దగ్గర ఇంకో పావుగంట. కాటన్ దొర కనిపించగానే చెప్పులు విడిచి దండం పెట్టారు. అటుగా వెళ్తున్న కుర్రాళ్ళు వింతగా చూశారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నం తిన్నవాళ్ళకు అది వింత కాదని వాళ్ళకెలా తెలుస్తుంది. "మా వాళ్ళు ముగ్గురున్నారు ఇక్కడ, పరవాలేదు" అన్నారు. రెండు గంటల్లో సగం కట్ట కూడా దాటలేదు. తిరిగి వస్తూ "ఇవి నిలబడిన నీళ్ళురా, నడవవు" అన్నారు.

నిలబడిన నీళ్ళు అని హుస్సేన్‌సాగర్‌ను, సరూర్‌నగర్ చెరువును, దుర్గం చెరువును ఒక్క మాటతో కొట్టేశారన్నమాట. వనస్థలిపురంలోని హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయని చెప్పాను. "జింకలు పరిగెడతాయి, నీళ్ళేవి?" అన్నారు.

ఫణిగిరి పక్కిల్లు · సోమవారం, రాత్రి 10.48

మీరంతా ఊరు దాటి ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. వీళ్ళు చైతన్యపురిలో ఉన్నారని మొదటి పోస్టులోనే చెప్పారు కదా!

గౌతమీతీరం గారూ, ఫణిగిరి కాలనీలో మూసీ ఒడ్డున రాతి గుట్ట, దాని మీద కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్నాయి. అక్కడ ఒక బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలానిది, 1500 ఏళ్ళ పైమాట. గోవిందరాజ విహారం అని ఒక బౌద్ధ విహారం ప్రస్తావన ఉంది అందులో. అంటే చార్మినార్‌కు వెయ్యేళ్ళ ముందు మీ ఇంటి వెనక భిక్షువులు మూసీ పక్కన నడిచారు. మీ నాన్నగారికి ఇంకో మాట కూడా చెప్పండి: విష్ణుకుండినులు గోదావరి జిల్లాలను కూడా ఏలారు. కాబట్టి అక్కడా మావాళ్ళే ఉన్నారని ఆయన అనుకోవచ్చు.

గుట్ట ఎక్కితే నది కనిపిస్తుంది. నీళ్ళు నల్లగా ఉంటాయి, నురగ కూడా ఉంటుంది. పక్కన గేదెల కోసం పెంచే పచ్చగడ్డి ఉంటుంది, తెల్లవారుజామునే కోసి మోపులు కడుతుంటారు. కొంగలు బాగా వాలతాయి. కుక్కలున్నాయి, చేతికర్ర ఉంటే మంచిది.

పొద్దునడక · మంగళవారం, ఉదయం 5.02

గుడి మెట్ల మీద కూర్చోవచ్చు కాబట్టి బెంచీ సమస్య లేదు. నా ఆమోదం ఉంది.

గౌతమీతీరం · మరుసటి సోమవారం, రాత్రి 9.30

వారం రోజుల సంగతి చెప్పాలి. గుట్టకు మొదటిరోజు నేను తీసుకెళ్ళాను, రెండో రోజు నుంచి ఆయనే వెళ్తున్నారు. నిన్న ఆదివారం నయాపూల్ నివాసి గారి దారిలో ఇద్దరం నడిచాం. ఎగువకు ఒక ఒడ్డున వెళ్ళి, ఇంకో ఒడ్డున రావాలి కదా, మళ్ళీ గానుగెద్దు అంటారేమోనని భయపడ్డాను. అనలేదు. ఎందుకనలేదో ఆయన్నే రాయమన్నాను. రెండు రోజులు ఫోనుతో కుస్తీ పట్టి ఇందులో సభ్యులుగా చేరారు.

కోటిలింగాల రేవు · మంగళవారం, ఉదయం 10.15

సభ్యులందరికీ నమస్కారములు. నేను పై అబ్బాయి తండ్రిని. తప్పులుంటే మన్నించగలరు, టైపు చేయడం కొత్త.

ఒక ఒడ్డున వెళ్ళి రెండో ఒడ్డున రావడం గుండ్రంగా తిరగడం కాదు. డౌన్ లైనులో వెళ్ళి అప్ లైనులో రావడం. ఉద్యోగంలో చేసినదంతా అదే.

ఆదివారం చైతన్యపురి స్టేషనులో ఎక్కితే ఎంజీబీఎస్ ఐదవది. మలక్‌పేట దాటాక రైలు మూసీ మీదుగా వెళ్ళింది. నేను 1997 దాకా హేవ్‌లాక్ వంతెన మీద, గార్డు ఉండే బ్రేకు వ్యానులో గోదావరి దాటినవాణ్ణి. వంతెన మీదికి రాగానే చక్రాల చప్పుడు మారుతుంది, ఎంత నిద్రమత్తులో ఉన్నా లేచి కిందకు చూస్తాం. మొన్న కూడా లేచి చూశాను. మెట్రోలో చప్పుడు అంతగా మారలేదు. అబ్బాయి ఏమిటి నాన్నా అన్నాడు, ఏమీ లేదన్నాను.

నది ఆరోగ్యంగా లేదు. ముక్కుసూటి గారు రాసినదాంట్లో అతిశయోక్తి లేదు. మొదటి పావుగంట రుమాలు అవసరమైంది. కానీ నీళ్ళు కదులుతున్నాయి. మా ఊళ్ళో గోదావరి వేసవిలో కొన్ని చోట్ల అంతకూడా కదలదు, ఇసుక మేటలే. చింతచెట్టును ఆసుపత్రి సిబ్బందిని అడిగి చూశాను. 1986 వరదలో మేము గోదావరి గట్టు మీద రాత్రంతా మేలుకుని ఉన్నాము కనుక, ఆ చెట్టు కొమ్మ మీద మనిషి ఎలా కూర్చుని ఉంటాడో కొంత తెలుసు.

ఫణిగిరి గుట్టకు ఇంటి నుంచి నా నడకలో పందొమ్మిది నిమిషాలు. గురువారం ఇరవై మూడు పట్టింది, కుక్కల వలన. శాసనం చదవడం రాదు, వేలితో తాకి చూశాను. అక్కడ గడ్డి కోసే ఒకాయన పరిచయమయ్యారు. తెల్లవారకముందే నదిలోకి దిగుతారట. నీళ్ళు చురుక్కుమంటాయి, అయినా గేదెలకు తెలియదు కదా అన్నారు. ఆ మాటకు నాకు ఏమనాలో తోచలేదు.

వచ్చే ఆదివారం పురానాపూల్ దాకా వెళ్దామని ఉద్దేశ్యం. రాదలచినవారు ఉదయం సరిగ్గా ఏడున్నరకు ఎంజీబీఎస్ మెట్రో మెట్ల కింద ఉండగలరు. ఆదివారం బండ్లు తక్కువ కనుక ఆ వేళ పరవాలేదు. ఆలస్యంగా వచ్చేవారి కోసం బండి ఆగదు.

నయాపూల్ నివాసి · మంగళవారం, ఉదయం 10.40

ఏడు ఇరవైకే ఉంటాను సార్. చాయ్ నా తరఫున.

పొద్దునడక · బుధవారం, ఉదయం 4.55

ఏడున్నర అంటే నాకు మధ్యాహ్నం కింద లెక్క. అయినా వస్తాను. మా పార్కు స్నేహితురాళ్ళు ఇద్దరు కూడా.

ముక్కుసూటి · బుధవారం, ఉదయం 9.12

నేనూ వస్తాను. రుమాలు తెచ్చుకోవచ్చా?

కోటిలింగాల రేవు · బుధవారం, ఉదయం 9.58

తప్పక తెచ్చుకోండి బాబూ. పచ్చరంగుదైతే నాకూ పనికొస్తుంది.